23.2 గ్రాముల మోర్గన్ డాలర్: నాణేలు కొనడం, గ్రేడు కట్టడం, నకిలీని పట్టడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 1893 నాటి మోర్గన్ వెండి డాలర్ (బొమ్మ వైపు లిబర్టీ దేవత తల, బొరుసు వైపు గద్ద ఉండే అమెరికా నాణెం) కొన్నారు. బొరుసు వైపు శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు 'ఎస్' ఉంది. వాడకంలోకే రాని నాణెం అని ఆయన చెప్పాడు. ఇంటికొచ్చాక తూచితే 23.2 గ్రాములు తేలింది. అయస్కాంతానికి అతుక్కోవడం లేదు కాబట్టి వెండే అయ్యుంటుందని మీ ఆశ. ఇది అసలుదేనా, శుభ్రం చేసి గ్రేడింగుకు, అంటే నాణెం స్థితికి అంకె కట్టే సంస్థకు, పంపాలా, ఇకముందు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి అని అడిగారు.

ముందు చేదు మాట చెప్పేస్తాను. అది నకిలీ. ఫొటోలు చూడకుండా ఇంత ధీమాగా ఎలా అంటున్నానంటే, మీరు రాసిన రెండు విషయాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. మోర్గన్ డాలర్ టంకశాల గడప దాటేటప్పుడు 26.73 గ్రాములు ఉంటుంది. ఏళ్ల తరబడి చేతులు మారి అరిగితే బరువు తగ్గుతుంది, నిజమే. బొమ్మలోని జుట్టంతా చదునైపోయిన నాణెం గ్రాము, ఆపైన కూడా కోల్పోవచ్చు. కానీ మీ నాణెంలో జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయని మీరే రాశారు. అరగనే లేదు, మరి మూడున్నర గ్రాములు ఎటు పోయినట్టు? అరుగుదల ఒక మాట, తూకం ఇంకో మాట చెబుతుంటే తూకాన్నే నమ్మండి.

అయస్కాంతం పరీక్ష పనికిరానిది కాదు గానీ దాని హద్దు తెలియాలి. అది ఇనుమునో ఉక్కునో పట్టిస్తుంది, అంతే. రాగి, ఇత్తడి, సీసం, రాగి-నికెల్ మిశ్రమం ఏవీ దానికి అతుక్కోవు. అతుక్కోలేదంటే ఉక్కు కాదని తెలిసింది, వెండి అని తెలియలేదు. అదే పరీక్ష వేరే చోట క్షణంలో తేల్చేస్తుంది. యుద్ధకాలంలో, 1943లో, అమెరికా ఒక సెంటు నాణేలను జింక్ పూత పూసిన ఉక్కుతో కొట్టింది. అదే ఏడు పొరపాటున పాత రాగి మిశ్రమం బిళ్లల మీద పడ్డవి కొన్ని ఉన్నాయి, వాటికి గిరాకీ విపరీతం. మోసగాళ్లు మామూలు ఉక్కు సెంటుకే రాగి పూత వేసి అమ్ముతుంటారు. అయస్కాంతం దగ్గర పెట్టగానే టక్కున అతుక్కుంటుంది, కథ కంచికి చేరుతుంది. మీ దగ్గర బలమైన నియోడిమియం అయస్కాంతం ఉంటే ఇంకోటి చేయొచ్చు. నాణేన్ని ఏటవాలుగా పట్టుకుని దాని మీద అయస్కాంతాన్ని వదలండి. వెండి మీదైతే ఎవరో వెనక్కి పట్టినట్టు మెల్లగా జారుతుంది. లోహంలో పుట్టే సుడి విద్యుత్తు దాన్ని అడ్డుకుంటుంది. రాగి-నికెల్ మీద జర్రున జారిపోతుంది. స్వచ్ఛమైన రాగి మీద కూడా మెల్లగానే జారుతుంది కాబట్టి దీన్ని కూడా ఒంటరిగా నమ్మకండి.

నిజంగా తేల్చేది సాంద్రత. దానికి 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు, గ్లాసు నీళ్లు, సన్నని దారం ఉంటే చాలు. గ్లాసును త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని దారానికి కట్టి, అడుగుకు గానీ గోడలకు గానీ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. బుడగలు అంటుకుని ఉంటే మెల్లగా కదిపి వదిలించండి. ఇప్పుడు త్రాసు చూపే అంకె నాణెం ఘనపరిమాణం. పొడి బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. స్వచ్ఛమైన వెండికి 10.49. మోర్గన్ డాలర్‌లో 90 శాతం వెండి, తక్కింది రాగి కాబట్టి 10.3 దగ్గర రావాలి. అసలు నాణేన్ని వేలాడదీస్తే త్రాసు దాదాపు 2.6 చూపాలి. మీ నాణెం కూడా అదే కొలతల్లో ఉంటే 23.2ను 2.6తో భాగించండి. 8.9 వస్తుంది. అది రాగి-నికెల్ మిశ్రమం సాంద్రత. పైన వెండి పూత, లోపల ఇంకోటి. పైన పటారం, లోన లొటారం.

తూచే ముందు ఆ ఏడాది నాణెం ఏ లోహంతో చేశారో మాత్రం కేటలాగులో చూసుకోండి. ఒకే రాజు బొమ్మ, ఒకే విలువ ఉన్నా మధ్యలో లోహం మారిపోతుంది. బ్రిటిష్ వెండి నాణేలు 1920లో 92.5 శాతం నుంచి 50 శాతానికి దిగాయి, 1947లో వెండే లేకుండా పోయింది. బ్రిటిష్ ఇండియా రూపాయి కూడా 1940లో సగం వెండికి మారింది, బరువు మాత్రం పాత 11.66 గ్రాములే. ఈ సంగతి తెలియక మంచి రూపాయిని దొంగదని పక్కన పడేసేవాళ్లూ ఉంటారు.

ఇక కంటితో పట్టడం. ఈ హాబీలో ఏ ప్రశ్న వేసుకున్నా అది చివరికి ఒక్క చోటికే చేరుతుంది. నాణెం మీద నాకు కనిపిస్తున్న ఈ గుర్తు అచ్చు (బొమ్మను ముద్రించే ఉక్కు దిమ్మ) దెబ్బ పడినప్పుడు వచ్చిందా, తర్వాత వచ్చిందా? గ్రేడు కట్టినా, నకిలీ పట్టినా, టంకశాల పొరపాటుతో పుట్టిన ఎర్రర్ నాణెమా కాదా అని తేల్చినా ఇదే ప్రశ్న. దీనికి జవాబు చెప్పగలిగే కన్ను రావాలంటే చవక రకం అసలు నాణేలను పదిరెట్లు చూపే భూతద్దం కింద పెట్టి గంటల కొద్దీ చూడాలి. దొంగ నాణేల ఫొటోలు ఎన్ని చూసినా ఆ కన్ను రాదు.

అచ్చుల మధ్య టన్నుల కొద్దీ ఒత్తిడి పడ్డప్పుడు లోహం ఒక్క క్షణం ద్రవంలా కదిలి, మధ్య నుంచి అంచు వైపు పారుతుంది. ఆ పారుదల గీతలు కంటికి ఆనవు గానీ, కొత్త నాణేన్ని ఒకే దీపం కింద మెల్లగా తిప్పితే వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. అసలు మెరుపంటే అది. పోత పోసిన నాణెంలో అది ఉండదు. దాని ఉపరితలం సన్నని గరుకుతో, అక్కడక్కడ బుడగలు పేలిన గుంతలతో ఉంటుంది. అక్షరాల అంచులు నిటారుగా దిగవు, సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. అంచు మీది గాడులు తిప్పి చూస్తే రెండు సగాలు కలిసిన అతుకు ఒక్కోసారి దొరుకుతుంది. దాన్ని ఆకురాయితో రాసి దాచి ఉంటే ఆ రాపిడి గీతలైనా కనిపిస్తాయి. అందుకే అమ్మేవాళ్లను అంచు ఫొటో అడగండి. బొమ్మ, బొరుసు ఫొటోలు అందరూ పెడతారు. అంచు ఫొటో అడిగితే మాట మార్చేవాడి దగ్గర నేనైతే కొనను.

పోత నాణేలు ఇప్పుడు పాత మోసం. అసలు నాణేన్నే నమూనాగా తీసుకుని దాని నుంచి అచ్చు తయారుచేసి, ఆ అచ్చుతో కొట్టేవి ఇంకా ప్రమాదం. వాటిలో అక్షరాలు పదునుగా ఉంటాయి, మెరుపు కూడా ఉంటుంది. కానీ నమూనా నాణెం మీద ఉన్న నొక్కు ఆ అచ్చుతో పడ్డ ప్రతి నాణెం మీదా అదే చోట వస్తుంది. రెండు వేర్వేరు నాణేల మీద ఒకే జాగాలో, ఒకే ఆకారంలో గాటు ఉందా? గాటు అనేది ప్రమాదవశాత్తూ పడేది, రెండు నాణేలకు ఒకేలా పడదు. రెండూ ఆ అచ్చువే అయ్యుంటాయి. అనుమానం వస్తే అదే రకం నాణేల పాత అమ్మకాల ఫొటోలు తిరగేసి అదే గాటు కోసం వెతకండి. పైగా నిజంగా తర్వాత పడ్డ గాటులో లోహం పక్కకు తోసుకుపోయి అడుగు పదునుగా మెరుస్తుంది. అచ్చు నుంచి వచ్చిన గాటు అడుగు మెత్తగా, చుట్టుపక్కల ఉన్న రంగులోనే ఉంటుంది.

మూడో రకం, అసలు నాణేన్నే మార్చడం. మీరు కొన్న రకం దీనికి పేరు మోసింది. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టినవి లక్ష మాత్రమే. మోర్గన్ డాలర్లలో వాడకానికి కొట్టినవాటిలో అదే అతి తక్కువ సంఖ్య. అదే ఏడు ఫిలడెల్ఫియాలో కొట్టినవాటికి టంకశాల గుర్తే ఉండదు. దాని మీద చిన్న 'ఎస్' అతికిస్తే సరి. తూకం సరిపోతుంది, వెండి సరిపోతుంది, అరుగుదల సహజంగా ఉంటుంది. ఇలాంటప్పుడు అచ్చును చదవాలి. ఆ ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బొమ్మ వైపుకు వాడింది ఒకే అచ్చు. తలపట్టీ మీది 'లిబర్టీ' పదంలో 'టి' అక్షరం పైభాగాన ఆ అచ్చులో సన్నని గీత ఉంది. అది ఉబ్బెత్తుగా పడుతుంది. అది లేకపోతే, నాణెం మరీ అరిగిపోయి ఉంటే తప్ప, 'ఎస్' ఎంత చక్కగా ఉన్నా నమ్మక్కర్లేదు. 'ఎస్' గుర్తు అడుగున అతుకు గీత ఉందా, చుట్టూ లోహం రంగు మారిందా అన్నది కూడా భూతద్దంలో చూడండి. మీ నాణెం విషయంలో అంత దూరం వెళ్లే పనే లేకుండా తూకం దగ్గరే ఆగిపోయింది. ఒకరకంగా అదృష్టమే.

దొంగ నాణేల వాళ్ల తెలివి, తెలివితక్కువతనం రెండూ తెలుసుకుంటే ఈ హాబీ ఇంకా రుచిస్తుంది. కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772–1830) అనే జర్మన్ ప్రాచీన గ్రీకు, రోమన్ నాణేలకు సొంతంగా అచ్చులు చెక్కేవాడు. కొట్టిన నాణేలు కొత్తగా కనిపించకుండా ఇనుప రజను నింపిన పెట్టెలో వేసి, దాన్ని తన బండికి తగిలించి ఊళ్లు తిప్పేవాడని చెబుతారు. అంతటి ఓపిక ఫ్రాన్సిస్ హెన్నింగ్‌కు లేదు. ఈ అమెరికన్ 1944 సంవత్సరం వేసి ఐదు సెంట్ల నాణేలు కొట్టాడు. యుద్ధం వల్ల 1942 మధ్య నుంచి 1945 దాకా ఆ నాణేలను వెండి కలిసిన వేరే మిశ్రమంతో చేశారు. ఆ తేడా తెలియడానికి బొరుసు వైపు భవనం గోపురం మీద పెద్ద టంకశాల అక్షరం వేశారు. హెన్నింగ్ ఆ అక్షరం వేయడం మరిచిపోయాడు. సేకర్తల కళ్లు ముందు అక్కడికే వెళ్లాయి. ఇప్పుడు ఆ దొంగ నాణేల కోసమే వెతికే వాళ్లున్నారు.

నకిలీకీ పునర్ముద్రణకూ తేడా ఉంది, దాన్ని కలపకండి. మరియా థెరీసా థాలర్ అనే ఆస్ట్రియా వెండి నాణెం మీద ఎప్పుడూ 1780 అనే ఉంటుంది. ఆవిడ చనిపోయిన ఏడు అది. వ్యాపారులు ఆ నాణేన్నే నమ్మి అడుగుతుండటంతో తర్వాత వందేళ్లు దాటినా అదే సంవత్సరంతో కొడుతూనే వచ్చారు. వియన్నాలోనే కాదు, లండన్, రోమ్, బొంబాయి టంకశాలల్లోనూ కొట్టారు. అది దొంగ నాణెం కాదు. కానీ 1780లో కొట్టిందని చెప్పి అమ్మితే అది మోసమే.

గ్రేడు సంగతికొస్తే, ఇప్పుడు అందరూ వాడే 1 నుంచి 70 దాకా ఉన్న కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ తెచ్చాడు. మొదట అది పాత అమెరికన్ పెద్ద రాగి సెంట్ల కోసమే. 70 గ్రేడు సెంటు ధర 1 గ్రేడు సెంటు ధరకు డెబ్భై రెట్లు ఉండాలన్నది లెక్క. ఆ ధరల లెక్క త్వరలోనే చెల్లకుండా పోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణ నుంచి మంచి సెంట్లు తీసి, వాటి చోట తక్కువ రకం పెట్టింది ఈ షెల్డనే అని ఆయన పోయాక తేలింది. గ్రేడు తేడా విలువ ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది!

ఆచరణలో గ్రేడు కట్టడమంటే ముందు ఒక్క ప్రశ్నే: అరుగుదల ఉందా లేదా? అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోట్లే ముందు అరుగుతాయి. మోర్గన్ డాలర్‌లో చెవి మీది జుట్టు, గద్ద రొమ్ము అలాంటివి. అక్కడ మెరుపు తెగి బూడిద రంగు కనిపిస్తే వాడకంలోకి వచ్చినట్టే, అది 58కి మించదు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. జుట్టు చదునుగా ఉంటే అరిగిందనేస్తారు. అచ్చు దెబ్బ సరిగ్గా పడకపోయినా మధ్య భాగం చదునుగానే ఉంటుంది. న్యూ ఆర్లియన్స్ టంకశాల డాలర్లలో ఇది మామూలు. తిప్పి చూడండి. ఆ చదును చోట కూడా మెరుపు ఆగకుండా పారుతుంటే దెబ్బ తక్కువైంది, మెరుపు అక్కడ ఆగిపోతే అరిగింది.

60 నుంచి పైన అరుగుదల లేని నాణేలే. వాటి మధ్య తేడా గాట్లు, మెరుపు, దెబ్బ పడ్డ తీరు, కంటికింపు. మోర్గన్ డాలర్లను వెయ్యేసి చొప్పున సంచుల్లో పోసి ఉంచేవారు కాబట్టి ఒకదానికొకటి కొట్టుకుని లిబర్టీ అమ్మవారి చెంప మీద గాట్లు పడ్డాయి. చెంప ఖాళీ జాగా కావడంతో అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నా మాటకొస్తే, గాట్లతో నిండిన 60 కన్నా కాస్త అరిగిన 58 చూడముచ్చటగా ఉంటుంది, ధర కూడా చాలాసార్లు అందుబాటులో ఉంటుంది. ఇంకో మాట, 'ప్రూఫ్' అనేది గ్రేడు కాదు. మెరుగుపెట్టిన అచ్చులు, బిళ్లలతో ప్రత్యేకంగా చేసే పద్ధతి అది. ప్రూఫ్ నాణెం అరిగినా ప్రూఫే.

శుభ్రం చేయడం గురించి అడిగారు. వద్దు. టూత్‌పేస్టు, బేకింగ్ సోడా, నిమ్మరసం, వెండి మెరుగుపెట్టే ద్రవాలు ఏవీ వద్దు. నేను పైన చెప్పిన పారుదల గీతలు నాణెం చర్మం మీద ఉంటాయి. రుద్దితే ముందు పోయేవి అవే. తర్వాత మిగిలేది ఒకే దిక్కున పరుగెత్తే సన్నటి గీతలతో కూడిన చచ్చు తెలుపు. గ్రేడింగు సంస్థలు దాన్ని ఇట్టే పట్టి, అంకె ఇవ్వకుండా 'శుభ్రం చేయబడింది' అని రాసి పంపుతాయి. నల్లబడ్డ వెండి పాడైన వెండి కాదు. గాలిలోని గంధకంతో ఏర్పడిన పొర అది. రుద్దకుండా చేయదగ్గది ఒక్కటుంది. పీవీసీ కలిసిన మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉంచితే నాణెం మీద పచ్చని జిగురు పడుతుంది. స్వచ్ఛమైన అసిటోన్‌లో గాజు గిన్నెలో నానబెడితే అది కరిగిపోతుంది. గోళ్ల రంగు తీసే ద్రవం దీనికి పనికిరాదు, అందులో ఇంకేవేవో కలుస్తాయి. కిటికీ తెరిచి, మంటకు దూరంగా చేయండి. రాగి, కంచు మీద గట్టిపడ్డ చిలుము దీనితో పోదు, దాన్ని గీకడానికి పోకండి. పాత కంచు నాణెం మీద లేతాకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం దాన్ని మిగతావాటి నుంచి వేరు చేయాలి. అది లోహాన్ని తినే క్లోరైడ్ జబ్బు.

కొనేటప్పుడు అడుగుతున్న ధర చూడకండి, అమ్ముడుపోయిన ధర చూడండి. వేలం సంస్థల పాత ఫలితాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఏ నాణేనికి ఎంత బరువు, ఎంత వ్యాసం అన్నది న్యూమిస్టా అనే ఆన్‌లైన్ కేటలాగులో ఉంటుంది. వేలంలో కొంటే సుత్తి పడ్డ ధర (పాట ముగిసిన ధర) మీద కొనుగోలుదారు కమీషన్ అదనం, ముందే కలిపి లెక్కేసుకోండి. అరుదైన రకాన్ని కవచం లేకుండా విడిగా కొనకండి. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగు సంస్థలు నాణేన్ని పరీక్షించి ప్లాస్టిక్ కవచంలో బిగించి గ్రేడు రాస్తాయి. ఇప్పుడు ఆ కవచాలకూ నకిలీలు వచ్చాయి. నంబరు సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే వివరాలు వచ్చాయని ఊరుకోకండి. దొంగలు అసలు నంబరునే కాపీ కొడతారు. అక్కడ ఫొటో ఉంటే చెంప మీది ప్రతి గాటూ మీ నాణెం మీద ఉందో లేదో పోల్చండి. మామూలు నాణేలను గ్రేడింగుకు పంపితే ఫీజే నాణెం విలువను మించిపోతుంది.

ఎర్రర్ నాణేలని అమ్మేవాటిలో చాలామటుకు చక్రాల కింద నలిగినవీ, సుత్తి దెబ్బ తిన్నవీ ఉంటాయి. టంకశాల దాటాక జరిగినది ఎర్రర్ కాదు, పాడవడం. మీ దగ్గరున్న పాత నాణేన్ని లక్షలు పోసి కొంటామని చెప్పి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనే ఫోన్లు వస్తే పెట్టేయండి. కొనేవాడు డబ్బిస్తాడు, అడగడు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. నాణేన్ని రుద్దకండి, గ్రేడింగుకు పంపి ఇంకో ఫీజు వదిలించుకోకండి. త్రాసు అంకె కనిపించేలా ఒక ఫొటో, నీళ్లలో వేలాడదీసినప్పుడు ఒక ఫొటో తీయండి. రిటర్న్ గడువు దాటకముందే, ఫోన్లో కాకుండా ఆ సైటు సందేశాల్లోనే, '26.73 గ్రాములు ఉండాల్సింది 23.2 ఉంది, అసలుది కాదు' అని రెండు ముక్కలు రాసి డబ్బు వెనక్కి అడగండి. వాదన పెట్టుకోకండి. నాణెం వెనక్కి పంపమంటే పంపే తీరు వీడియో తీసి పంపండి. డబ్బు ఇచ్చి నాణెం మీ దగ్గరే ఉంచుకోమంటే, కవరు మీద 'నకిలీ' అని చెరగని సిరాతో రాసి ఉంచండి. రేపు మీ తర్వాత ఆ డబ్బా తెరిచేవాళ్లు దాన్ని అసలుదనుకుని ఇంకొకరికి అమ్మకూడదు. ఆ తర్వాత ఏ సంవత్సరమైనా సరే, బాగా దొరికే రకం మోర్గన్ డాలర్ ఒకటి, నమ్మకమైన డీలర్ దగ్గర కొని రెండింటినీ ఒకే దీపం కింద పక్కపక్కన తిప్పి చూడండి.